చేతి కొలత చూడకుండానే చేతికి తుపాకీ!

బళ్ళారి: చెప్పుల అంగడికి పోతే కాలు కొలిచి మరీ చెప్పులిస్తారు. దర్జీ దగ్గరికి పోతే మెడ చుట్టూ, చంక కింద టేపు పెట్టనిదే కత్తెర ముట్టడు. కళ్లజోడు సంగతి చెప్పనే అక్కర్లేదు. పక్కవాడి అద్దాలతో పేపరు చదవలేం కదా! అదే... లక్ష రూపాయలకు పైగా పోసి కొనే రివాల్వర్ దగ్గరికి వచ్చేసరికి 'ఏ కంపెనీది? ఎంతకిస్తావ్?' అన్న రెండు మాటలతోనే బేరం అయిపోతోంది. ఆ పిడి తన పిడికిట్లో ఇముడుతుందా, తన వేలు ట్రిగ్గర్‌కు సరిగ్గా అందుతుందా అని చూసుకునేవాళ్లు తక్కువ.

కాలికి కుదరని చెప్పు కాలిని మాత్రమే కొరుకుతుందని, చేతికి కుదరని తుపాకీ అలా కాదని కొన్నాక గానీ తెలియదు. కంగారులో పేల్చిన గుండు గురి తప్పితే గాల్లో ఆగిపోదు. ఎదురింటి గోడకో, వీధిలో ఆడుకునే పిల్లాడికో తగులుతుంది. ఆ గుండుకు జవాబు చెప్పుకోవాల్సింది లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్లే.

తాత తుపాకీ... మనవడి చేయి

ఈ సరిహద్దు ప్రాంతంలో తుపాకీని ఎంచుకుని కొన్నవాళ్ల కథ ఒకటైతే, ఎంచుకునే పని లేకుండానే ఇంట్లోకి వచ్చినవాటి కథ ఇంకొకటి. 1953 అక్టోబర్ 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయాయి. అంతకుముందు అందరిదీ ఒకటే జిల్లా, పైన మద్రాసు సర్కారు. ఆ రోజుల్లో రెడ్లు, పటేళ్లు, వర్తకులు లైసెన్సు తీసుకుని కొన్న పాత ఆయుధాలు ఇప్పటికీ బీరువాల్లో ఉన్న ఇళ్లు లేకపోలేదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో తయారైన వెబ్లీ రివాల్వర్ అంటే జేజినాయన ఫోటో పక్కన ఉంచుకునేంత గౌరవం.

చట్టం కూడా ఈ వారసత్వానికి దారి ఉంచింది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సుదారు చనిపోతే వారసుడు తన పేరున లైసెన్సుకు అర్జీ పెట్టుకోవచ్చు. బతికుండగానే ఇవ్వాలనుకుంటే లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండాలి, లేదా ఆ ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉండాలి. అయితే లైసెన్సు రాకుండా 'మా తాతది' అని బీరువాలో పెట్టుకుంటే మాత్రం అది అక్రమ ఆయుధమే.

కాగితాలు సరే. మరి చేయి? మడకపట్టి, కపిలి తోలి కాయలు కాసిన తాత చేతికి సరిపోయిన పిడి, కంప్యూటర్ ముందు కూర్చునే మనవడికి సరిపోతుందని ఎక్కడా రాసి లేదు. తాత అరచేయి పెద్దదైతే మనవడు ట్రిగ్గర్ అందుకోవడానికి పిడిని చేతిలో పక్కకు తిప్పి పట్టుకుంటాడు. అక్కడే తప్పు మొదలవుతుంది. పిడి పక్కకు తిరిగితే, పేలినప్పుడు వచ్చే తన్ను చేతి మధ్యలోకి కాకుండా బొటనవేలి కీలు మీద పడుతుంది. రెండోసారి పేల్చాలంటే చేయి భయపడుతుంది. ఆ భయంతోనే మూడో గుండు ఎటో పోతుంది. పైగా పాత ఆయుధం స్ప్రింగు, లోపలి పళ్లు అరిగి ఉండొచ్చు. వారసుడు ముందు చేయించాల్సింది లైసెన్సున్న ఆర్మరర్‌తో తనిఖీ. పాలిష్ తర్వాత సంగతి.

కొందామన్నా దొరికేదెంత?

అమెరికాలో మాదిరి అంగట్లో వంద రకాలు పరిచి 'ఏది కావాలి?' అని అడిగే పరిస్థితి మన దగ్గర లేదు. .38, 9 ఎంఎం లాంటి బోర్లు మామూలు పౌరులకు నిషిద్ధం. విదేశీ పిస్తోళ్లను సొంతానికి దిగుమతి చేసుకునే దారి 1980ల మధ్యలోనే దాదాపు మూసుకుపోయింది. పేరున్న క్రీడాకారులకు మాత్రం వేరే ఏర్పాటుంది. అందుకే అంతకుముందు దేశంలోకి వచ్చిన పాత విదేశీ రివాల్వర్లకు అసలు విలువతో సంబంధం లేని ధర పలుకుతుంది. అది తుపాకీకి ఇచ్చే ధర కాదు, దొరకనితనానికి ఇచ్చే ధర.

ఇక మిగిలింది ఎక్కువగా పాయింట్ 32, కొంత పాయింట్ 22. కాన్పూర్ ఆయుధ కర్మాగారాల పాయింట్ 32 రివాల్వర్ దశాబ్దాలుగా లైసెన్సుదారుల ఇళ్లలో కనిపించే ఆయుధం. 'అశని' పేరుతో పాయింట్ 32 పిస్తోలు ఉంది. 2014 జనవరిలో మహిళల కోసమంటూ 'నిర్భీక్' వచ్చింది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 'నిడర్' అనే పాయింట్ 22 బుల్లి రివాల్వర్ చేసింది. 2021 అక్టోబర్‌లో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును 7 కంపెనీలుగా విడగొట్టాక, వాటిలో ఒకటైన కాన్పూర్ కంపెనీ 2023 ఆగస్టులో 'ప్రబల్' రివాల్వర్‌ను విడుదల చేసింది. ప్రైవేటుగా ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో వెబ్లీ పేరుతోనే పాయింట్ 32 తయారవుతోంది.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే సంగతి ఒకటుంది. రివాల్వర్ పాయింట్ 32, పిస్తోలు పాయింట్ 32 పేరుకు ఒకటే అయినా తూటాలు వేరు. రివాల్వర్ తూటా పొడవు, అడుగున అంచు వెడల్పు. పిస్తోలు తూటా పొట్టిది. ఒకదాన్ని ఇంకొకదాంట్లో వాడకూడదు. అన్నదమ్ముల్లో ఒకరికి రివాల్వర్, ఇంకొకరికి పిస్తోలు ఉన్నచోట డబ్బాలు కలిసిపోకుండా చూసుకోవాలి.

తేలికైనదే మంచిదా?

నిర్భీక్ వచ్చినప్పుడు దేశమంతా మాట్లాడుకున్నారు. 2012 డిసెంబర్‌లో ఢిల్లీలో జరిగిన ఘోరం తర్వాత వచ్చింది కాబట్టి ఆ పేరు. బరువు అర కిలో. అప్పటి ధర రూ.1,22,360. నగల పెట్టెలాంటి పెట్టెలో పెట్టి ఇచ్చారు. తేలిక కాబట్టి ఆడవాళ్లకు అనువు అన్నారు. మోసుకెళ్లడానికి అనువే. ఆ మాటలో అబద్ధం లేదు. పేల్చేటప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది.

గుండు ముందుకు పోయే బలం ఎంతో, అంత బలంతోనే ఆయుధం వెనక్కి తంతుంది. ఆ తన్నులో కొంత ఆయుధం బరువే మింగేస్తుంది. బరువు తగ్గితే మిగిలినదంతా మణికట్టుకు వస్తుంది. ఒకే తూటాను అర కిలో రివాల్వర్‌లో, ముప్పావు కిలో రివాల్వర్‌లో పేల్చి చూస్తే తేడా ఎవరికీ చెప్పనక్కర్లేదు. పాయింట్ 32 తన్ను పెద్దదేం కాదు, నిజమే. కానీ ఎప్పుడూ పేల్చని చేతికి చిన్న తన్ను కూడా పెద్దదే. అదే పావు కిలో నిడర్ అయితే తూటానే పాయింట్ 22 కాబట్టి ఆ బాధ తక్కువ. ఆ మేరకు దెబ్బ బలమూ తక్కువే.

'ఆడవాళ్ల తుపాకీ', 'మగవాళ్ల తుపాకీ' అన్న లెక్కే సరైంది కాదు. చిన్న చేతులున్న మగవాళ్లు లేరా? పొలం పని చేసి ఇనుములాంటి పట్టు ఉన్న ఆడవాళ్లు సిరుగుప్ప వరిమళ్లలో ఎంతమంది లేరు? కొలవాల్సింది చేతిని.

ఎలా కొలవాలి?

మొదట లైసెన్సు చేతిలో ఉండాలి. అంగడివాడు ఇచ్చిన ఆయుధం ఖాళీదో కాదో అతని మాట నమ్మకుండా మీరే తెరిచి చూడాలి. గొట్టం ఎవరివైపూ ఉండకూడదు. వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. ఇవి అయ్యాకే కొలత.

పిడిని బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఉన్న గుంటలోకి వీలైనంత పైకి నొక్కి పట్టాలి. చేయి చాపితే గొట్టం, మణికట్టు, మోచేయి ఒకే గీతలో రావాలి. ఇప్పుడు పట్టు కదలకుండా చూపుడువేలు ట్రిగ్గర్ మీదకు తేవాలి. వేలి మొదటి కణుపు మెత్త సరిగ్గా ట్రిగ్గర్ మధ్యలో పడితే కొలత కుదిరినట్టే. వేలి కొస మాత్రమే అందుతోందంటే పిడి పెద్దది. వేలు రెండో కణుపు దాకా దూరిపోతోందంటే చిన్నది. చిటికెన వేలికి పిడి మీద చోటు లేకుండా కింద వేలాడుతుంటే పట్టు ఎప్పటికీ నిలవదు. రివాల్వర్‌లో పిడి చెక్కలు మార్చుకుని కొంతవరకు సరిచేసుకోవచ్చు. బళ్ళారి ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో అరచేయి చెమటతో జారుతుంది. నున్నటి పాలిష్ పిడి చూడ్డానికి బాగుంటుంది గానీ గీతలున్న చెక్కో, రబ్బరో మేలు.

తర్వాత ట్రిగ్గర్ బరువు. రివాల్వర్‌ను సుత్తి వెనక్కి లాగకుండా నేరుగా పేల్చాలంటే వేలు సాధారణంగా నాలుగైదు కిలోల బలం పెట్టాలి. కొన్నింటికి ఇంకా ఎక్కువ. అంత బలం పెట్టేటప్పుడు చేయంతా బిగుసుకుంటుంది. కుడిచేతి వాటం వాళ్ల గుండు ఎక్కువసార్లు ఎడమవైపు కిందికి పోయేది అందుకే. అంగడివాడి అనుమతితో ఖాళీ ఆయుధాన్ని గోడవైపు చూపి, ముందు గురికాయ వణకకుండా పదిసార్లు ట్రిగ్గర్ నొక్కగలరా చూడండి. మూడోసారికే చేయి వణికితే ఆ ఆయుధం మీది కాదు.

పిస్తోలైతే ఇంకో పరీక్ష. పైనున్న స్లైడ్‌ను ఒక చేత్తో పట్టుకుని పూర్తిగా వెనక్కి లాగాలి. కీళ్లనొప్పులున్న అరవై ఏళ్ల పెద్దాయనకు అది కష్టం. సగం లాగి వదిలితే తూటా ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న తూటాను తీయడం తెలియనివాడికి పిస్తోలు ఇనుప ముక్కతో సమానం. అలాంటివాళ్లకు రివాల్వరే నయం. అది నొక్కితే పేలుతుంది. పేలకపోతే మళ్లీ నొక్కితే తర్వాతి తూటా వస్తుంది. పిస్తోలు బల్లపరుపుగా ఉంటుంది, మోయడానికి సుఖం, తూటాలు ఎక్కువ పడతాయి. కానీ మ్యాగజైన్ తీసేసినా గొట్టం గదిలో ఒక తూటా ఉండిపోవచ్చన్న సంగతి మరిచిపోయి ఇళ్లలో జరిగే ప్రమాదాలు దానితోనే.

ఎడమచేతి వాటం వాళ్ల బాధ ఎవరూ పట్టించుకోరు. పక్కకు తెరుచుకునే రివాల్వర్లలో చక్రం ఎడమకు వస్తుంది. అంటే కుడిచేతివాళ్ల కోసం చేసింది. ప్రబల్ ఆ రకం. నడుము దగ్గర మడిచి తెరిచే పాత పద్ధతి రివాల్వర్ అయితే ఏ చేతికైనా ఒకటే.

కంటి సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. రెండు చేతులు చాపి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి బళ్ళారి కొండ మీది కోట బురుజు చూడండి. ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచినప్పుడు బురుజు సందులోనే ఉంటుందో అదే మీ గురి కన్ను. కుడిచేతి వాటమై ఎడమ కన్ను గురి కన్ను అయినవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లు తల కొంచెం తిప్పుకోవాలి, లేదా ఎడమ చేతితో నేర్చుకోవాలి. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లకు ముందు గురికాయ మసకబారుతుంది. సన్నటి నల్ల గురికాయ కంటే మందంగా ఉన్నది, దాని కొన మీద తెల్లటి చుక్క ఉన్నది కొంత నయం.

ఎడమ చేత్తో నేర్చుకోవడమా అని నవ్వొద్దు. హంగేరీ సైనికుడు కరోలీ టకాచ్ కుడి చేయి 1938లో గ్రెనేడ్ పేలి పోయింది. ఎడమ చేత్తో మొదటి నుంచి నేర్చుకున్నాడు. 1948 లండన్, 1952 హెల్సింకి ఒలింపిక్స్ రెండింటిలోనూ 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలులో బంగారు పతకం అతనిదే.

ఆటలో చేతిని చెక్కినట్టే పిడి

చేయి కొలత విలువ తెలియాలంటే షూటింగ్ ఆటగాళ్ల పిస్తోలు చూడాలి. వాళ్ల పిడి మామూలు పిడిలా ఉండదు. అరచేయి కింద ఆనుకోవడానికి బల్లలాంటి చెక్క, వేళ్లకు గాడులు. చిన్నది, మధ్యరకం, పెద్దది అని చొక్కాల మాదిరి సైజులుంటాయి. ఆపైన ఆటగాడు తన చేతికి తగ్గట్టు అరగదీసుకుంటాడు, పుట్టీ పెట్టి నింపుకుంటాడు. 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు బరువు ఒకటిన్నర కిలో మించకూడదు, ట్రిగ్గర్ 500 గ్రాములకు తగ్గకూడదు. 25 మీటర్ల పాయింట్ 22 పిస్తోలుకు ట్రిగ్గర్ కనీసం కిలో. ఇంట్లో రివాల్వర్ నాలుగైదు కిలోలతో పోల్చుకుంటే తేడా అర్థమవుతుంది. ఆట పిస్తోలు ఆత్మరక్షణకు, ఆత్మరక్షణ రివాల్వర్ ఆటకు పనికిరావు.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్లకే 10 మీటర్ల ఎయిర్ పిస్తోలులో జాతీయ విజేత అయింది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆ వయసు పిల్లలకు చేయి ఏడాదికేడాది పెరుగుతుంది. పోయినేటి పిడి ఈ ఏడు బిగుతవుతుంది. పిల్లలకు ఈ ఆట నేర్పాలనుకునే బళ్ళారి తల్లిదండ్రులు పిస్తోలు ఖరీదు మాత్రమే చూస్తే కుదరదు, పిడి మార్చే ఖర్చు కూడా లెక్క వేసుకోవాలి. మొదటి ఏడాది క్లబ్బు పిస్తోలుతో నేర్చుకుని, చేయి కుదిరాక సొంతది కొనడం డబ్బుకూ మంచిది, చేతికీ మంచిది. పాయింట్ 177 బోరు మించని, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ పిస్తోలుకు లైసెన్సు అక్కర్లేదు. అమ్మేవాడు కొన్నవాళ్ల గుర్తింపు వివరాలు రాసుకుంటాడు.

అసలు పిస్తోలే కావాలా?

ఇది మొదట అడగాల్సిన ప్రశ్న. జనం చివర్లో అడుగుతున్నారు. దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం చుట్టుపక్కల పల్లెల్లో, సండూరు కొండల కింద అడవిపందులతో పంట పోగొట్టుకునే రైతుకు రివాల్వర్ ఎందుకూ పనికిరాదు. రాత్రిపూట ఇరవై గజాల అవతల పరిగెత్తే జంతువు మీద పాయింట్ 32 గురి కుదరడం కల. పంట కోసం అడిగేవాళ్లకు ఇచ్చేది పొడవు తుపాకీ లైసెన్సే. ఎలుగుబంటిని కాల్చడం ఎలాగూ నేరం. అడవిపంది విషయంలోనూ అటవీ శాఖను అడగకుండా చేయి వేయకూడదు.

వసూళ్ల డబ్బుతో రాత్రిళ్లు తిరిగే వ్యాపారి సంగతి వేరు. ఆయనకు తుపాకీ బరువు, అది ఉండే చోటు ముఖ్యం. మొలలో దోపుకుంటే అది ఆత్మరక్షణ కాదు, సొంత తొడకు ఎసరు. ట్రిగ్గర్ కప్పి ఉండే తోలు ఒర తప్పనిసరి. కారు డాష్‌బోర్డులో పెట్టి తాళం వేసి పోయేవాళ్లు కొందరు. తుపాకీ పోతే వెంటనే ఫిర్యాదు చేయాలి. అజాగ్రత్తగా ఉంచినందుకు లైసెన్సే పోవచ్చు.

ఇక హోదా కోసం పెట్టుకునేవాళ్లు. గనుల జోరు సాగిన 2000ల్లో ఈ జిల్లాలో గన్‌మన్‌తో తిరగడమే గొప్ప. అలాంటివాళ్లకు ఏ కొలతా అక్కర్లేదు, బొడ్డు దగ్గర కనిపిస్తే చాలు. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి పేల్చే సరదా ఉంటే మాత్రం 2019 చట్ట సవరణ గుర్తుపెట్టుకోవాలి. అలా సంబరం కోసం పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే సవరణతో ఒకరికి ఉండగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

గీత దాటితే?

మన ఊళ్లలో చుట్టరికాలకు రాష్ట్రాల గీత తెలియదు. కూతురు గుంతకల్లులో, చెల్లెలు రాయదుర్గంలో. కానీ లైసెన్సుకు గీత తెలుసు. ఇక్కడి కచేరీ భాషలో 'పరవానగి' అనే ఆ పుస్తకంలో ఎంత ప్రాంతానికి చెల్లుతుందో రాసి ఉంటుంది. కర్ణాటక వరకే అని ఉంటే, నడుముకు రివాల్వర్‌తో ఆంధ్రలో పెళ్లికి పోయినవాడు అక్కడ లైసెన్సు లేనివాడి కిందే లెక్క. అటువైపు వాళ్లు బళ్ళారి ఆస్పత్రికి వచ్చినా అంతే. చాలామందికి ఈ గడి చదివే అలవాటు లేదు. ఆ పేజీ కన్నడలోనో ఇంగ్లిషులోనో ఉండటం ఒక కారణం. చదివించుకోవడంలో నామోషీ లేదు.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు ఠాణాలో జమ చేయించడం మామూలే. తగాదాలు ముదిరేది ఆ రోజుల్లోనే. తుపాకీ అప్పుడే ఇంట్లో ఉండదు! రసీదు జాగ్రత్తగా పెట్టుకుని, తిరిగి తీసుకునేటప్పుడు తుప్పు పట్టిందేమో చూసుకోవాలి.

కొత్తగా లైసెన్సు అడిగేవాళ్లు ఆయుధ శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ చూపాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి. దాన్ని కాగితం పనిగా చూసి ఎలాగోలా సంపాదిద్దామనుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి మన దగ్గర కాల్చి చూసి కొనే వీలు చాలాచోట్ల ఉండదు కాబట్టి, తన చేతికి రివాల్వర్ సరిపోతుందో పిస్తోలు సరిపోతుందో కొనక ముందే తెలిసే చోటు ఆ శిక్షణ ఒక్కటే. రెండు రకాలూ ఇచ్చి పేల్పించమని అక్కడ నోరు తెరిచి అడగాలి.

అంగడి నుంచి బయటికి వచ్చే ముందు ఇంకొక్క పని ఉంది. గొట్టం మీద, చక్రం మీద కొట్టిన నంబరు, బిల్లులో నంబరు, లైసెన్సులో ఎక్కించిన నంబరు ఒకటేనా కాదా అని ఒక్కో అంకె వేలు పెట్టి చదువుకోవాలి. చత్వారం ఉంటే కళ్లజోడు పెట్టుకుని మరీ.